పెద్దనాన్న మాత్ర ఆపించింది మేమే

  కొంచెం పెద్ద పోస్టు, చివరి దాకా చదవండి.

మా ఇంట్లో ముగ్గురం చదువుకుంటున్నాం, ముగ్గురమూ హాస్టళ్లలోనే. మా పెద్దనాన్న కావిడి మోసుకుని సంతకి నడిచి వెళ్లే మనిషి. రెండేళ్ల కిందట కొంత దూరం నడవగానే ఆయనకి పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్లీ వచ్చేది. వయసు కదా అనుకున్నాం. టౌన్‌లో డాక్టరు గారు పాదం మీద నాడి పట్టి చూసి, కాలి రక్తనాళాలు సన్నబడ్డాయన్నారు. చుట్ట మానేయమన్నారు. ఆస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ అనే మాత్ర రోజూ వేసుకోమని రాశారు.

నెలకి మాత్రలు అయిపోయాయి. సెలవులకి వెళ్తే పెద్దనాన్న ఖాళీ షీటు చేతికిచ్చి "ఇంకా తేవాలా రా?" అని అడిగాడు. ఫోన్‌లో పేరు కొడితే కొలెస్ట్రాల్ మాత్ర అని వచ్చింది. అంతవరకే చదివాం. "అంబలి తాగేవాళ్లం, మనకి కొలెస్ట్రాల్ ఏంటి పెద్దనాన్నా! అది డబ్బున్నోళ్ల జబ్బు" అనేశాం. చదువుకున్న పిల్లలు చెప్పారు కదా అని ఆయన మాత్ర ఆపేశాడు. చుట్ట మాత్రం ఆపలేదు.

ఏడాది తిరగకుండానే బొటనవేలికి పుండు పడి నల్లబడింది. వేలు తీసేశారు. మాత్ర ఆపినందుకే ఇలా అయిందని డాక్టరు గారు అనలేదు. కానీ తెలియకుండా సలహా ఇచ్చింది మేమే. అందుకే ఈసారి కూర్చుని పూర్తిగా చదివాం.

కొలెస్ట్రాల్ చాలావరకు మన కాలేయమే తయారు చేస్తుంది. అంబలి తాగినా చేస్తుంది. పొగ, షుగర్, బీపీ వల్ల రక్తనాళం లోపలి పొర దెబ్బతింటే అక్కడ కొవ్వు పేరుకుంటుంది. స్టాటిన్ మాత్ర కాలేయంలో ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. నాళంలో పేరుకున్న కొవ్వు పగిలి, రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. కాలి నాళాలు సన్నబడినవాళ్లకి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువ. కాలికి చూపించుకున్నా ఈ మాత్ర రాసేది అందుకే.

దీని పుట్టుక కూడా చదివాం. జపాన్‌లో రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండో గారికి చిన్నప్పటి నుంచీ పుట్టగొడుగులు, బూజులంటే ఆసక్తి. వేల రకాలు పరీక్షించి, 1973లో ఒక బూజు నుంచి మొదటి స్టాటిన్ కనిపెట్టారు. వానాకాలం పుట్టగొడుగులు ఏరుకునే మనకి ఆ ఆసక్తి కొత్తేం కాదు.

స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద చేసిన, 1994లో ఫలితాలు వచ్చిన పరీక్షలో, స్టాటిన్ వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. 2002లో ఫలితాలు వచ్చిన మరో పరీక్షలో బ్రిటన్‌లో 20,536 మందిని చూశారు, వాళ్లలో కాలి నాళాల జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. ఇదంతా ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటేనే. ఒంట్లో తేడా తెలియదు కాబట్టే మనవాళ్లు ఆపేస్తారు.

కొందరికి కండరాల నొప్పులు రావచ్చు. నొప్పి ఎక్కువైనా, మూత్రం నల్లగా వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించాలి. గర్భిణులు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. జనరిక్ షాపుల్లో ఈ మాత్ర తక్కువ ధరకే దొరుకుతుంది.

పెద్దనాన్న ఇప్పుడు చుట్ట మానేశాడు. ప్రతి నెలా 25న మాలో ఎవరో ఒకరం ఫోన్ చేసి ఎన్ని మాత్రలు మిగిలాయని అడుగుతున్నాం. మీరూ ఈ సెలవులకి ఇంటికెళ్తే మీ పెద్దవాళ్ల మాత్రలు ఒకసారి చూడండి. అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పండి. పీహెచ్‌సీలో అడిగి చెప్పండి. మన మాట నమ్ముతారు వాళ్లు.