మొగ్గ మందు

"ఏటే, ఈ తీగ కాసీదేనా, ఒట్టి నీడకేనా?" అని అమ్మ వారానికోసారైనా అడుగుతుంది. ఆనందపురంలో మా పెరటి ద్రాక్ష పందిరి సంగతి. మా ఊరు పువ్వుల ఊరు. తెల్లారకముందే జంక్షన్ దగ్గర బంతి, చామంతి మూటలు దిగుతాయి. బతుకంతా పువ్వులు మాలకట్టిన అమ్మకి, పూసిన నాడే అమ్ముడుపోవాల్సిన సరుకు తెలుసు. ఏడాది పొడుగునా చాకిరీ చేయించుకుని ఒక్కసారి కాసే తీగంటే ఆమెకి నమ్మకం కుదరదు.

నాకు ద్రాక్ష పరిచయమైంది ఇక్కడ కాదు. 1994లో మేడ్చల్ దగ్గర ఓ కాలేజీలో లెక్చరర్‌గా చేరి, ఒక తోటను ఆనుకుని ఉన్న గది అద్దెకు తీసుకున్నాను. కిటికీ తెరిస్తే రాతి కడీలు, తీగలు లాగిన పందిళ్లు. సగం అనాబ్-ఎ-షాహి, సగం సీడ్‌లెస్. అప్పట్లో హైదరాబాద్ చుట్టూ అలాంటి తోటలు ఎటు చూసినా ఉండేవి. ఇంటి ఓనరక్కే తోట పనులన్నీ చూసుకునేది. పట్టా మాత్రం భర్త పేరు మీద ఉండేది.

చలిదేశాల్లో ద్రాక్ష తీగ ఆకు రాల్చి శీతాకాలమంతా నిద్రపోతుంది. మన దగ్గర ఆ చలి లేదు కాబట్టి నిద్రా లేదు. అందుకే ఏటా రెండుసార్లు కత్తెర వేస్తారు. కోత అయ్యాక ఏప్రిల్‌లో కొమ్మలన్నీ మొదలంటా కత్తిరిస్తే కొత్త రెమ్మలు వస్తాయి. శీతాకాలంలో కనబడే గెల నిజానికి ఆ వేసవిలోనే మొగ్గ లోపల తయారైపోతుంది. వానల్లో బూజు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొడతారు. దాని పేరు బోర్డో మిశ్రమం. వైన్‌కు పేరుపడ్డ ఫ్రాన్సు నగరం పేరది. మళ్లీ అక్టోబరులో కాపు కోసం కత్తిరింపు. ఈ తీగకీ ఆడవాళ్ల బతుకుకీ పోలిక తీయడం చాలా సులువు. తీయను. తీగకు మెడనొప్పి రాదు. పందిరి కింద పొద్దస్తమానం చేతులు పైకెత్తి నిలబడినవాళ్లకు వస్తుంది.

కత్తెర మగవాళ్లది. ఏ కొమ్మ ఉంచాలి, ఎన్ని మొగ్గలు వదలాలి అని తేల్చే పని కాబట్టి దానికి కూలి ఎక్కువ. వాళ్లు అటు వెళ్లగానే వెనకాల ఆడవాళ్లు మొగ్గ మందుతో వస్తారు. మొగ్గలన్నీ ఒక్కసారే పగలడానికి వాడే హైడ్రోజన్ సయనమైడ్ అది. గుడ్డముక్క ముంచి ఒక్కో మొగ్గకూ పూయాలి. చర్మం కాలుతుంది, పొరలు లేస్తుంది.

1995 అక్టోబరులో ఓనరక్క ఓ సీసా తెచ్చి, "టీచరమ్మా, గీ ఇంగ్లీషుల ఏం రాసిండ్రో జర సదువు" అంది. చదివాను. చేతులకు తొడుగులు వేసుకోవాలి. పనికి ముందూ తర్వాతా మద్యం తాగకూడదు.

"తొడుగులేస్తే మొగ్గ చేతికి దొరకదు. తాగుడంటవా, గందుకే గదా ఆడోళ్లకు చెప్పేది. మొగోళ్లు పొద్దుగూకితే ఆగరాయె" అంది. రాష్ట్రంలో అప్పుడు సంపూర్ణ మద్యనిషేధం. ఆ జనవరి నుంచే అమల్లో ఉంది. చట్టం ఏం చెప్పినా ఊళ్లో గుడుంబా ఆగలేదని ఓనరక్కకు తెలుసు. ఆడవాళ్లు తాగరని ఆమె అంటే నేనూ తల ఊపాను. నేను పెరిగిన ఇంట్లో తాగుడు మగవాళ్ల పాపం, ఏడుపు ఆడవాళ్ల వంతు. ఆ వారమే ఓ పత్రిక కోసం దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం మీద వ్యాసం రాస్తున్నాను. వ్యాసంలోనూ లెక్క అంతే.

ఆ సాయంత్రం పనిలోంచి వెళ్లిన ఒకామె, రోజూ లాగే ఇంట్లోవాళ్లతో కూర్చుని కల్లు తాగింది. ఒళ్లు నొప్పులకు ఆ పల్లెలో ఆడా మగా అందరూ తాగేదే. కాసేపటికే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఊపిరి అందక పడిపోయింది. దిష్టి అన్నారు, కల్లు కల్తీ అన్నారు. కారణం తెలిసినవాళ్లం ఆ ఊళ్లో ఇద్దరమే. సీసా మీద చదివిన ముక్క నేను ఓనరక్కకు చెప్పాను కానీ, పది గజాల అవతల పందిరి కింద ఉన్నవాళ్లకు చెప్పలేదు. ఆమె మూడోరోజు పనిలోకి వచ్చింది. రెండు రోజుల కూలి పోయింది. మళ్లీ అదే సీసా, అవే చేతులు. అప్పుడూ నోరు మెదపలేదు. గది ఖాళీ చేయమంటారేమోనని భయం. వ్యాసం అచ్చయింది. మంచి పేరే వచ్చింది.

తర్వాతి నెలల్లో సీడ్‌లెస్ గెలలను జిబ్బరెలిక్ ఆమ్లం ద్రావణంలో ముంచడం, గింజలు పలచన చేయడం, ఫిబ్రవరి నుంచి కోత. పండు మీది బూడిద పొర చెరగకుండా కాడ పట్టుకుని కోసే నేర్పంతా ఆ ఆడవాళ్లదే. కొన్నేళ్లకు వెళ్లినప్పుడు, ఓనరక్క కొడుకు వైన్ రకాలు వేద్దామని అంటున్నాడు. వైన్‌కు కాయ చిన్నదిగా, తోలు మందంగా ఉంటేనే మేలు. ముంచడం, పలచన చేయడం అక్కర్లేదు. లాభమే కదా అన్నాను. "మరి ఆడోళ్లకు పనేముంటది?" అంది ఓనరక్క. తొడుగులు కొనని మనిషే ఆ మాటా అడిగింది. ఆమెను ఏ గాటన కట్టాలో నాకిప్పటికీ తెలియదు. చివరికి ఏ రకమూ వేయలేదు. తోట ప్లాట్లయింది. ఆ కడీలే కంచెకు పాతారు. ('వైన్స్' అని బోర్డు పెట్టిన కొట్లు మాత్రం దారి పొడుగునా వచ్చాయి. వాటిలో వైన్ అడిగి చూడండి.)

రిటైరయ్యాక ఆనందపురం వచ్చి ఓ కొమ్మ నాటాను. ఇక్కడ ద్రాక్ష కష్టమని తెలుసు. గాలిలో ఎప్పుడూ తేమే. కత్తిరించాల్సిన అక్టోబరే మాకు తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ వచ్చింది ఆ నెల 12నే. అయినా మొన్న అక్టోబరులో నిచ్చెన వేసుకుని నేనే కత్తెర పట్టాను. మొగ్గ మందు తేలేదు. పగిలినవి పగులుతాయి. అమ్మ కింద కూర్చుని చామంతులు కడుతూ, మందు ఎందుకు వేయవని అడిగింది. అప్పుడు మొదటిసారి ఆమె కథంతా చెప్పాను.

అమ్మ దారం తెంపి, "నువ్వు సదివినావు కదేటి, మరి దానికి సెప్పనేదేటే?" అంది.

ఇంకా మూడు కొమ్మలు మిగిలాయి. నిచ్చెన జరుపుకున్నాను.