ఇంజిన్ కేసు అతికే చోట

విజయవాడ ఆటోనగర్‌లో ఏ పని ఏ వీధిలో జరుగుతుందో అడిగి తెలుసుకోవాల్సిందే. బోర్డులు చదువుకుంటూ పోతే పూట గడిచిపోతుంది. ఒక వీధి పొడుగునా లారీ బాడీలు కడుతుంటారు. పక్క సందులో రేడియేటర్లు, ఆ వెనక కమాన్ కట్టలు, ఇంకాస్త లోపలికి పోతే లేత్ మిషన్లు. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్ మాదేనని బెజవాడ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఇంత పెద్ద లోకంలో మోటార్ సైకిల్ ఇంజిన్ కేసులు అతికే షెడ్డు ఒక మూలన ఉంది. గుడివాడలో బండ్లు బాగుచేసే మెకానిక్ ఒకతను ఆర్‌ఎక్స్ 100 కేసు గోనెసంచిలో చుట్టుకుని బయల్దేరుతుంటే, పని చూద్దామని నేనూ వెంట వెళ్లాను.

షెడ్డు ముందు భాగంలో రెండు లేత్‌లు, వెనక వెల్డింగ్ మిషను, గోడకు గొలుసుతో కట్టిన ఆర్గాన్ సిలిండర్లు. అరల్లో బాగుచేయాల్సిన కేసులు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీదా సుద్దతో ఊరి పేరు: ఏలూరు, నూజివీడు, తెనాలి, మచిలీపట్నం. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. వేసవిలోనూ మెడదాకా గుండీలు పెట్టిన ముతక నూలు చొక్కా. వెల్డింగ్ వెలుగు తగిలితే చర్మం ఎండదెబ్బ తిన్నట్టు మాడిపోతుందట.

కేసు చేతికివ్వగానే ఆయన పగులు చూడలేదు.

“ముక్కలేవి అబ్బాయ్?”

“తెచ్చా బాబాయ్. ఒకటి దొరకలేదు, కాలవలో పడ్డట్టుంది.”

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 చివర్లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ, టూ స్ట్రోక్. వాటిని ఇప్పటికీ బిడ్డల్లా సాకే వాళ్లున్నారు. ఈ కేసు పగలడానికి కారణం చైను. వదులైన చైను ఊగుతూ ఊగుతూ ఒకరోజు తెగింది. తెగిన చైను ఎప్పుడూ బుద్ధిగా రోడ్డు మీద పడిపోదు. ముందు స్ప్రాకెట్ దాన్ని లోపలికి లాక్కుంటుంది. స్ప్రాకెట్‌కీ కేసుకీ మధ్య అది ముద్దగా ఇరుక్కుంటే, పోత పోసిన అల్యూమినియం ఆ తాకిడికి ఆగలేదు. ఇక్కడ అరచేతి వెడల్పున గోడ ఊడిపోయి, ఒక పగులు గేర్‌బాక్స్ బేరింగ్ సీటు వైపు పాకింది.

“టూ స్ట్రోక్‌లో పగులు ఎంత పొడుగని కాదండీ, ఏ గదిలో అని చూడాలి,” అంటూ మేస్త్రి నా వైపు తిరిగి వేలితో చూపించారు. గేర్లున్న గదిలో పగిలితే నూనె కారుతుంది, అంతే. క్రాంకు తిరిగే గదిలో సన్నటి వెంట్రుక పగులున్నా కథ వేరు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు ఆ గదిలోకే వచ్చి, అక్కణ్ణించి సిలిండర్లోకి ఎక్కుతాయి. పగుల్లోంచి దొంగగాలి దూరితే మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, ఒకరోజు పిస్టన్ పట్టేస్తుంది. నూనె చుక్క కూడా కారదు కాబట్టి ఓనర్‌కు అనుమానమూ రాదు. ఈ కేసు అదృష్టం, పగిలింది గేర్ల గది.

మరి కొత్త కేసు వేసేస్తే పోదా అన్నాను. మెకానిక్ నవ్వాడు. ఆగిపోయిన బండికి అసలు కేసు దొరకడం ఒక పని. దొరికినా పగిలిన సగం ఒక్కటే మారిస్తే కుదరదు. రెండు సగాల్లోని బేరింగ్ సీట్లు ఒకే గీత మీద నిలవాలి. అందుకే వాటిని జతగా కోస్తారు, జతగానే వాడాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంజిన్ నంబరు. అది కొట్టి ఉండేది క్రాంక్ కేసు మీదే. ఆర్‌సీలో ఉన్న నంబరు అదే. కేసు మారిందంటే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి రికార్డు మార్పించుకోవాలి. లేకపోతే అమ్మేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేటప్పుడు, పోలీసులు ఆపినప్పుడు జవాబు చెప్పుకోవాలి. పాత నంబరు చెరిపి కొత్తది కొట్టేవాళ్లూ ఉంటారు. అది నేరం. మేస్త్రి పని మొదలుపెట్టే ముందే నంబరున్న చోట మందపాటి టేపు అంటించారు. “దీని దగ్గరికి గ్రైండర్ పోదు. ఆ పక్కన పగిలిందని ఎవరన్నా తెస్తే వెనక్కి పంపేస్తా.” కేసు అతికించుకోవడం డబ్బు మిగుల్చుకోవడానికేనని అనుకుని వెళ్లిన నాకు, బండికి కాగితాలతో ఉన్న చుట్టరికాన్ని కాపాడే పని కూడా ఇదేనని అక్కడే అర్థమైంది.

వెల్డింగ్ చూడ్డానికి వెళ్లానా, మొదటి రెండు గంటలూ కడగడమే. ముందు కిరోసిన్, తర్వాత పెట్రోలు, ఆ తర్వాత సబ్బునీళ్లు. పోత అల్యూమినియంలో సన్నటి రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి వాటిలో ఇంజిన్ ఆయిల్ ఊరి ఉంటుంది. ఊరగాయ జాడీ ఎంత తోమినా నూనె జిడ్డు వదలనట్టే ఇదీ. అందుకే గ్యాస్ మంటతో మెల్లగా కాచారు. శుభ్రంగా ఉందనుకున్న లోహం మీద గోధుమరంగు చెమట పట్టింది. గుడ్డతో తుడిచి మళ్లీ కాచారు. చెమట రావడం మానేదాకా అదే పని. బేరింగూ ఆ వేడికే ఊడి వచ్చింది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి సుత్తి దెబ్బ అక్కర్లేదు. కేసు బోర్లించి చెక్క మీద తట్టగానే బేరింగ్ జారి పడింది. బేరింగులు ఉలితో కొట్టి తీసే మెకానిక్కులు ఈ ఒక్క ముక్క చూసిపోయినా చాలు.

పగులు పక్కన ఎవరో ఎమ్‌సీల్ పులిమి ఉన్నారు. దాన్ని గీకి తీయడానికి అరగంట పట్టింది. మేస్త్రికి కోపం వచ్చిన ఒకే ఒక్క సందర్భం అది. జిడ్డు మీద పెట్టిన ఎమ్‌సీల్ నాలుగు రోజులు నూనె ఆపుతుంది; తర్వాత వెల్డింగ్‌లో మాడి మసై లోహంలో కలుస్తుంది, పొక్కులు లేపుతుంది. స్ప్రే డబ్బాల్లో వచ్చే బ్రేక్ క్లీనర్‌ని షెడ్డులోకే రానివ్వరు. వాటిలో కొన్నిట్లో క్లోరిన్ ఉన్న ద్రావకాలుంటాయి. ఆ తడి మీద వెల్డింగ్ వెలుగు పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతినడానికి అది కొంచెం చాలు.

తర్వాత పగులు చివర వెతికారు. కంటికి కనిపించే చివర అసలు చివర కాదు. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచేసి, తెల్లటి పొడి చల్లితే పగుల్లో దాగిన ఎరుపు పైకి పీల్చుకొచ్చింది. మేము అనుకున్నదానికంటే బొటనవేలి గోరంత ఎక్కువ దూరం పోయింది. ఆ కొసన 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం వేశారు. పగులు మొన ఎంత పదునుగా ఉంటే అంత సులువుగా ముందుకు పాకుతుంది. గుండ్రటి రంధ్రంలోకి వచ్చాక ఒత్తిడి చుట్టూ సర్దుకుని అక్కడితో ఆగుతుంది. ఆ పైన పగులు పొడుగునా గ్రైండర్‌తో వీ ఆకారంలో గాడి తీశారు. కాలవలో పోయిన ముక్కకు బదులు తుక్కులోంచి అలాంటిదే పాత కేసు తీసి, కావలసిన వంపు కోసి ఆకురాయితో సరిచేశారు.

ఈ అల్యూమినియం మొండిది. 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, దాని మీద గాలి తగలగానే ఏర్పడే ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పైగా ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు. ఉన్న రంగులోనే ఉండి, చూస్తుండగానే జారిపోతుంది. ఆర్గాన్ వెల్డింగ్ ఈ చిక్కును విప్పే తీరు చక్కగా ఉంటుంది. కరెంటు దిశ సెకనుకు ఎన్నోసార్లు అటూ ఇటూ మారుతుంది. ఒక దిశలో పోయినప్పుడు ఆక్సైడ్ పొరను చెదరగొడుతుంది, రెండో దిశలో లోహాన్ని కరిగిస్తుంది. ఈలోగా మళ్లీ గాలి తగలకుండా ఆర్గాన్ కాపు కాస్తుంది. ఈ పద్ధతికి మూలం అమెరికాలోని నార్త్రాప్ విమానాల కంపెనీ. 1941 ప్రాంతంలో మెగ్నీషియం భాగాలు అతకడానికి రస్సెల్ మెరెడిత్ దీన్ని రూపొందించారు. ఆయన వాడింది హీలియం. యుద్ధ విమానాల కోసం పుట్టిన పనితనం ఇప్పుడు గుడివాడ బండికి అక్కరకొస్తోంది.

మెగ్నీషియం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కొన్ని బండ్లకు కవర్లు ఆ లోహంతోనే పోస్తారు. గ్రైండర్ పెడితే ఆ పొడి అంటుకుంటుంది. నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. అనుమానం వస్తే మేస్త్రి గీకిన చోట ఒక చుక్క వెనిగర్ వేస్తారు. బుసబుసమని నురగొస్తే మెగ్నీషియం, పని ఆపేస్తారు.

కేసును మందపాటి ఉక్కు పలకకు బోల్టులతో బిగించారు, వేడికి వంకర పోకుండా. 150 డిగ్రీల దాకా కాచి, ముఖానికి నల్ల గాజు దించుకున్నారు. నాకూ ఒకటిచ్చారు. గాజులోంచి చూస్తే టంగ్‌స్టన్ మొన కింద ముందు బూడిదరంగు మరక, దాని మధ్యలో ఉన్నట్టుండి మెరిసే చుక్క. ఆ చుక్క మెరిసిన క్షణానే ఎడమచేతిలోని సిలికాన్ కలిసిన కడ్డీ కొసను ముంచి తీశారు. మళ్లీ చుక్క, మళ్లీ కడ్డీ. ఒకచోట నల్లటి పొక్కు లేచింది, లోపల మిగిలిన నూనె. దాని మీదే పోసుకుంటూ పోలేదు. ఆపి, పొక్కు తవ్వేసి, తుడిచి, మళ్లీ మొదలుపెట్టారు. ఇలా వేలెడు పొడుగు వేసి, ఆగి, అవతలి వైపు వేలెడు. ఒకే దమ్ములో లాగించేస్తే చల్లారేటప్పుడు కొత్త పగులు పుడుతుందట. అయ్యాక ఫ్యాను కింద పెట్టలేదు. పొడి ఇసుకలో పాతిపెట్టి భోజనానికి లేచారు.

మధ్యాహ్నం లేత్ పని. బేరింగ్ సీటు కొలిచి, వేడికి ఉబ్బిన చోట సరిచేశారు. అద్దం పలక మీద వాటర్ పేపర్ పరిచి, రెండు సగాలు కలిసే అంచును దాని మీద రుద్దారు. ఎక్కడ మెరుస్తోంది, ఎక్కడ మెరవడం లేదు అన్నదే కొలత. అంచు పూర్తిగా మెరిసేదాకా వదల్లేదు. అనాబాండ్ జిగురు పూస్తే సరిపోదా అని మెకానిక్ అడిగితే, “అది సందులు పూడ్చడానికి, పాపాలు పూడ్చడానికి కాదు” అన్నారు. చివరి పరీక్షకు వెల్డింగ్ బయటివైపు సుద్దపొడి నీళ్లలో కలిపి పూసి ఆరబెట్టి, లోపలివైపు కిరోసిన్ పోశారు. నీరు దూరలేని సందులోకి కూడా కిరోసిన్ దూరుతుంది. టీ తాగి వచ్చి చూశాం. సుద్ద మీద మరక లేదు.

అన్నిటినీ అతుకుతారనుకోవద్దు. ఒక అరలో తిప్పి పంపాల్సిన కేసులున్నాయి. ఒకదానికి క్రాంకు బేరింగ్ సీటే అడ్డంగా చీలింది. “అతకడం కష్టం కాదండీ. ఆ సీటు మీద పిస్టన్ దెబ్బ నిమిషానికి వేలసార్లు పడుతుంది. రోడ్డు మీద పట్టేస్తే మనిషి పోతాడు.” ఈ ‘వద్దు’ చెప్పగలిగిన వాళ్లకే కేసు ఇవ్వాలని నా అభిప్రాయం. ఏది తెచ్చినా చేసిపెడతానన్న చోట నుంచి వెనక్కి రావడం మంచిది. ఇక ఆ అరల్లో సగం దాకా ఉన్నవి ఇంజిన్ ఆయిల్ బోల్టు మరలు పోయినవే. మెత్తటి అల్యూమినియంలో ఉక్కు బోల్టును పాన్నాకు గొట్టం తొడిగి మరీ బిగించిన ఫలితం. రంధ్రం పెద్దది చేసి ఉక్కు మరల చుట్ట దిగేస్తారు, పని చిన్నదే. అసలు రాకూడని పని.

కేసు అతికించే అవసరం మీకు రాకూడదనే అనుకుందాం. వస్తే ఇంజిన్ వెంటనే ఆపండి. నూనె లేకుండా పది కిలోమీటర్లు నడిపితే అతకడానికి కేసు ఉంటుంది గానీ లోపల గేర్లుండవు. ముక్కలన్నీ ఏరుకోండి, గోరంతదైనా. ఎమ్‌సీల్ పెట్టకండి. వెల్డింగ్‌కు పగిలిన సగం ఒక్కటే కాకుండా రెండు సగాలూ తీసుకెళ్లండి, జత సరిచూడాలి. బిగించేటప్పుడు చైనుతో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కువ రోజులు నిలవదు.