పెద్దల కోసం ఆగే బస్సు

ఇంగ్లండుకు పడమటి వైపున వేల్స్ అనే చిన్న దేశమున్నది. దాని ఉత్తర తీరాన, రెండు కొండల నడుమ, నెలవంకలా వంగిన సముద్రపు ఒడ్డున లాండిడ్నో అనే ఊరున్నది. వేల్స్ భాషలో 'లాన్' అంటే చర్చి. టిడ్నో అనే భక్తుని పేరిట వెలసిన చర్చి వలన ఊరికి ఆ పేరు వచ్చింది.

మాంచెస్టరు దగ్గర ఉంటున్న మా అబ్బాయి, గత సెప్టెంబరులో మా ఇద్దరినీ ఆ ఊరికి అయిదు రోజుల కోచ్ యాత్రకు పంపించాడు. కోచ్ అంటే మన లగ్జరీ బస్సు వంటిదే. మోకాళ్ళ నొప్పులున్న మా ఇంటావిడ మొదట ఒప్పుకోలేదు. "నేనెందుకండీ? మీరు వెళ్ళి రండి. నా వల్ల అందరికీ ఆలస్యమవుతుంది" అన్నది. మన ఇళ్ళలో ఎంతమంది పెద్దల నోట ఈ మాట వింటూ ఉంటాము!

తీరా బస్సెక్కి చూస్తే అందులో ఇంచుమించు అందరూ డెబ్బై దాటినవారే. చేతికర్రలు, మడత పెట్టే చక్రాల కుర్చీలు సామాను అరలో ఉన్నాయి. ఇటువంటి యాత్రల పద్ధతి చాలా తేలికైనది. రోజుకో ఊరు, రోజుకో గది ఉండవు. అన్ని రాత్రులూ ఒకే హోటలులో బస. ఉదయం ఫలహారం, రాత్రి భోజనం అక్కడే. పగటిపూట బస్సు దగ్గరలోని ఒక చోటికి తీసుకువెళ్ళి సాయంత్రానికి తిరిగి తెస్తుంది. పెట్టెలు గది దాకా హోటలువారే చేరుస్తారు. నాలుగున్నర గంటలు బస్సు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలని అక్కడి చట్టం. మా డ్రైవరు మాత్రం అంతసేపు ఎన్నడూ నడపలేదు. గంటన్నరకే ఆపి, తానే దిగి, ఒక్కొక్కరికి చేయి అందించేవాడు.

లాండిడ్నో కూడా ఇటువంటివారి కోసమే కట్టినట్లుంటుంది. 1858లో రైలు వచ్చిన తరువాత ఈ ఊరు యాత్రికులతో పెరిగింది. సముద్రం వెంబడి రెండు మైళ్ళ దాకా చదునైన నడకదారి, దారి పొడవునా బల్లలు. 1877లో తెరిచిన పియర్, అంటే సముద్రంలోకి కట్టిన వంతెన, 2,295 అడుగులు ఉంటుంది. వేల్స్‌లో అంతకంటె పొడవైనది లేదు. దాని మీద మా ఆవిడ మూడు చోట్ల కూర్చుంటూ చివరిదాకా నడిచింది.

గ్రేట్ ఓర్మ్ అనే కొండ ఎత్తు 679 అడుగులు. దాని మీదికి 1902 నుండి ట్రాము నడుస్తున్నది. అది నడిచే తీరు మన బావి గిలకను గుర్తుకు తెచ్చింది. తాడుకు రెండు చేదలు కట్టితే ఒకటి దిగేటప్పుడు రెండవది పైకి వచ్చినట్లు, ఇనుప మోకుకు కట్టిన రెండు పెట్టెలలో ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. ఆ కొండ మీద కాశ్మీరు జాతి మేకలు విక్టోరియా రాణి కాలం నుండి స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. 2020 మార్చిలో కరోనా వలన జనం ఇళ్ళలోనే ఉండిపోయినప్పుడు, అవి కొండ దిగి వీధులలో తిరుగుతూ తోటల కంచెలు మేసిపోయాయట!

ఒకనాడు కాన్వీకి వెళ్ళాము. అక్కడి కోట మొదటి ఎడ్వర్డు రాజు 1283లో మొదలుపెట్టించి నాలుగేళ్ళలో పూర్తి చేయించినది. ఆ కోటకు కొంచెం దూరంలోనే బ్రిటన్‌లోకెల్లా చిన్న ఇల్లున్నది. వెడల్పు ఆరడుగులు, ఎత్తు పదడుగులు మాత్రమే.

మరునాడు బాలా అనే ఊరికి వెళ్ళాము. మన సండేస్కూలు పిల్లలకు తెలిసిన మేరీ జోన్స్ 1800లో, పదిహేనేళ్ళ వయసులో, బైబిలు కొనుక్కోవడానికి ఇరవై అయిదు మైళ్ళకు పైగా నడిచి వచ్చిన ఊరు ఇదే. ఆమెకు బైబిలు ఇచ్చిన థామస్ చార్లెస్ గారి సమాధి సరస్సు పక్కన లానికిల్ చర్చి ఆవరణలో ఉన్నది. 1804లో బైబిలు సొసైటీ ఏర్పడటానికి ఈ సంగతి ప్రేరణ అయినదని చెబుతారు. ఆ సొసైటీయే తరువాతి కాలంలో మన తెలుగు బైబిలు ముద్రణకు కూడా తోడ్పడినది.

భోజనాల బల్ల వద్ద మా ఎదుట ఎనభై రెండేళ్ళ విధవరాలు కూర్చునేది. మా ఆవకాయ సీసాను చూసి నవ్వి, కొంచెం రుచి చూసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఏటా వస్తారా అని అడిగాను. "ఏటా ఇదే ఊరికి వస్తాను. చూడవలసినవన్నీ చూశాను. ఒంటరి గదికి అదనంగా కట్టాలి కూడా. అయినా ఇంటి దగ్గర నాకు ఎదురుగా కూర్చుని భోంచేసేవారు లేరు" అన్నది. ఆ మాటకు మా ఆవిడ ఏమీ అనలేదు. కూర గిన్నె ఆమె వైపు జరిపింది. మిగిలిన రెండు రాత్రులు ఆమె పక్కనే కూర్చున్నది.

ఇంత సౌకర్యమున్న దేశంలో కూడా ఒంటరితనానికి మందు ఎదురుగా కూర్చునే మనిషే. దీనికి డబ్బున్న దేశమే కానక్కరలేదు.

మన సంఘాలలో కూడా మెదక్ చర్చికో, సముద్రతీరానికో బస్సు మాట్లాడుకొని వెళ్తుంటాము. మూడు రోజులలో ఎనిమిది ఊళ్ళు చూడాలంటాము. అర్ధరాత్రి బయలుదేరుతాము. "మీరు నడవలేరు, ఇంటికి కాపలా ఉండండి" అని అమ్మమ్మలను, తాతయ్యలను వదిలిపెడతాము. ఈసారి సంవత్సరానికొక్క యాత్రయినా వారి కోసం ఏర్పాటు చేయండి. ఒకే చోట బస పెట్టుకోండి. ముందు సీట్లు వారికివ్వండి. మెట్టు అందనివారి కోసం ఒక పీట వెంట తీసుకువెళ్ళండి. గంటన్నరకొకసారి బస్సు ఆపించండి. పిల్లలు దూరాన ఉండి, ఒక్కరే వండుకొని ఒక్కరే తింటున్నవారు మీ వీధిలో ఉంటే, అందరికంటె ముందు వారి పేరే రాసుకోండి.