కిర్రుమన్న చోట నూనె పోశాను



సాయంత్రం గేటు దగ్గర మీలో చాలామంది నన్ను అడుగుతున్నారు: "సార్, ఆ వెండి రంగు సైకిల్ ఏమైంది? ఈమధ్య కనపడ్డం లేదే?" అడిగినవాళ్లందరికీ నవ్వి ఊరుకున్నాను. ఈ నెల నాకొక పేజీ ఇచ్చారు కాబట్టి జవాబు ఇక్కడ చెబుతాను.

అది మా మామ సైకిల్. కువైట్‌లో ఆయన డ్రైవరుగా పనిచేసిన ఇంటి ఫ్రెంచి ఇంజినీరు, స్వదేశానికి వెళ్లిపోతూ ఇచ్చాడట. మామ దాన్ని విడదీసి, దుప్పట్లలో చుట్టి పులివెందులకు తెచ్చాడు. తెచ్చాక ఎవరూ తొక్కలేదు. చీనీకాయల క్రేట్ల వెనక ఏళ్ల తరబడి పడి ఉంది. నేను బీఈడీ ముగించి ప్రొద్దుటూరులో ఉద్యోగంలో చేరినప్పుడు, "బండి కొనేదాంక దీన్ని తొక్కుకో అబ్బీ" అని నా చేతిలో పెట్టాడు.

ఒంటిచేత్తో ఎత్తితే లేచింది. తోటలో కాయలు తూచే కాటా మీద పెడితే 9.5 కిలోలు. మా నాయన తొక్కిన పాత హెర్క్యులస్ దగ్గర దగ్గర 20 కిలోలు ఉండేది. దీని గొట్టం మీద 'విటస్ 979' అని ఉంది. ఫ్రాన్సులో చేసిన ఈ ఫ్రేము ఉక్కుది కాదు, అల్యూమినియంది. వెల్డింగు కూడా ఉండదు. గొట్టాల చివరలను అల్యూమినియం జాయింట్లతో కలిపి, గట్టి జిగురుతో అతికించి, వేడిలో ఆ జిగురును బిగిసేలా చేశారు. 1980ల్లో ఐర్లండ్ ఆటగాడు షాన్ కెల్లీ ఎన్నో పెద్ద పందేలు గెలిచింది ఇలాంటి ఫ్రేము మీదే.

సైకిల్ అంటే ఉక్కే అనుకుంటాం గానీ, మనుషులు చాలావాటితో చేసి చూశారు. 1890ల్లోనే ఇంగ్లండులో వెదురు సైకిళ్లు అమ్మారు. 1970ల్లో అమెరికాలో టైటానియంతో చేశారు. 1982లో స్వీడన్ వాళ్లు ప్లాస్టిక్ సైకిల్ తెస్తే మూడేళ్లకే మూతపడింది. ఇవన్నీ క్లాసులో చెప్పడానికి నాకు భలే పనికొచ్చాయి. పదార్థాల పాఠం రోజు సైకిల్‌నే క్లాసులోకి తోసుకొచ్చేవాణ్ణి.

ఆదివారాలు పొద్దున్నే జమ్మలమడుగు దాకా వెళ్లొచ్చేవాణ్ణి. చలికాలంలో దారి పక్కన నల్లరేగడి చేలల్లో శనగ పచ్చగా ఉంటుంది. ఎదురుగాలి లేకపోతే తొక్కుతున్నట్టే ఉండదు.

కొన్ని నెలల తర్వాత, పెడల్ గట్టిగా తొక్కినప్పుడల్లా కిందివైపు నుంచి కిర్రుమని చిన్న చప్పుడు మొదలైంది. సైకిల్ షాపులో చూపించాను. "ఏం కాదు సార్, రొంత నూనె పోస్తే సరిపోతాది" అన్నాడాయన. పోశాను. చప్పుడు ఆగింది. బాగైపోయిందనుకుని ఇంకా వేగంగా తొక్కాను. నెల తిరక్కముందే, జమ్మలమడుగు నుంచి వస్తుంటే, కింది గొట్టం జాయింటులోంచి ఊడి వచ్చేసింది. రోడ్డు మీద పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. వెనక లారీ లేదు కాబట్టి ఈ రోజు మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెల్డింగు కొట్టిస్తే రాయి మాదిరి ఉంటుందని షాపాయన అన్నాడు. ఒప్పుకోలేదు. ఆ వేడికి మిగిలిన జిగురు కూడా పాడవుతుంది.

చప్పుడు మొదలైన రోజే జాయింటు విప్పి చూడాల్సింది. నేను చప్పుడు పోవాలనుకున్నానే గానీ, అది ఎందుకొస్తోందని అడగలేదు.

ఇంటికొచ్చి కట్టు కట్టించుకున్న రాత్రి నాకు సైకిల్ కంటే ఒక పాప ఎక్కువ గుర్తొచ్చింది. వాళ్లమ్మ అనుమతితోనే రాస్తున్నాను. పేరు, తరగతి చెప్పను. ఎప్పుడూ మొదటి మూడు ర్యాంకుల్లో ఉండే పాప. కొన్నాళ్లుగా పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి అనేది. మధ్యాహ్నం క్యారియరు తెరిచి మళ్లీ మూసేది. నోట్సులో కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరిపేది. నేను డైరీలో ఏం రాశానో తెలుసా? 'అజాగ్రత్త తప్పులు చేస్తోంది, ఇంకా ప్రాక్టీసు కావాలి.' అది చదివి వాళ్లింట్లో తెల్లవారుజామున ఇంకో గంట చదువు పెంచారు. వాళ్ల తప్పేమీ లేదు. నూనె పోసింది నేను. ఒక శనివారం పరీక్షలో ఆ పాప తెల్ల కాగితం ఇచ్చింది. చేతులు వణుకుతున్నాయి, మాట రావడం లేదు.

మెటల్ ఫెటీగ్, అంటే లోహపు అలసట గురించి పెద్ద తరగతులకు చెబుతుంటాను. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే విరుగుతుంది కదా, అదే. ఉక్కుకు ఒక హద్దు ఉంది. భారం ఆ హద్దు లోపల ఉన్నంత వరకు కోట్లసార్లు ఊగినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న కుదుపులు కూడా లెక్కలోకి చేరుతూ పోతాయి. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే విడిపోయాయి. బ్రిటన్ ఇంజినీర్లు అలాంటి విమానాన్ని నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడిని పదే పదే పెంచి తగ్గించి చూస్తే గానీ కారణం తేలలేదు. పైకి మెరుస్తున్న లోహం లోపల అలసిపోయింది. నా సైకిల్‌లో ముందు అలసింది జిగురు. అది చప్పుడు చేసి చెప్పింది కూడా.

అయితే పిల్లలకూ లోహానికీ ఒక పెద్ద తేడా ఉంది. అల్యూమినియాన్ని ఏడాది పక్కన పెట్టినా దాని అలసట తీరదు. పిల్లలది తీరుతుంది. ఆ పాప వాళ్లమ్మా నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. తెల్లవారుజాము చదువు ఆపేశారు. నేను డైరీలో మార్కుల మాట కొన్ని వారాలు రాయలేదు. కోలుకోవడానికి టైం పట్టింది. ఇప్పుడు ర్యాంకు పదకొండు. క్యారియరు మాత్రం ఖాళీగా ఇంటికి వెళుతోంది.

మీరు ఫీజు కట్టేటప్పుడు ఎంత లెక్క చూసుకుంటారో నాకు తెలుసు, మా నాయనా అలాగే కట్టాడు. మార్కులు అడగవద్దని చెప్పను. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు తెరవకముందే నన్ను ఒక మాట అడగండి: "సార్, మా పిల్ల క్లాసులో ఈమధ్య మారిందా?" ఇంట్లో మీకు వినపడిన చిన్న చప్పుళ్లు కూడా నాకు చెప్పండి. మీరు విన్నవీ నేను విన్నవీ కలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక సైకిల్ సంగతి. ఇప్పుడు మా నాయన హెర్క్యులస్ మీద స్కూలుకు వస్తున్నాను. విటస్ మా సైన్సు ల్యాబ్‌లో గోడకు వేలాడుతోంది. మొన్న ఆ పాపే ఊడిన గొట్టాన్ని కదిపి చూసి అడిగింది.

"సార్, ఊడకముందు ఇది చప్పుడేమైనా చేసిందా?"

"చేసిందమ్మా. నేనే సరిగ్గా వినలేదు" అన్నాను.