బారామహలు: మా కథల సీమ

కృష్ణగిరి నుండి హోసూరునకు పోవు పెద్దబాటలో, వేపనపల్లి దారి చీలుచోట మా కుందారపల్లి యున్నది. బస్సులో పోవువారికి అది యొక కూడలి మాత్రమే. చిన్ననాడు మేము దానిని ఒక రాజ్యమునకు ముఖద్వార మని నమ్మియుంటిమి. ఆ రాజ్యము పేరు బారామహలు.

మా అవ్వ రాత్రివేళ రాగిముద్ద పెట్టుచు ఆ కథ చెప్పెడిది. జగదేవరాయలకు పండ్రెండుగురు కొడుకులట. ఒక్కొక్కనికి ఒక్కొక్క కొండ, కొండకొక మహలు. ఏడవ మహలు చేరునప్పటికి మాకు నిద్ర వచ్చెడిది. కావున తక్కిన ఐదును మేము నేటికిని ఎరుగము.

జగదేవరాయలు కల్పితుడు కాడు. 1589లో గోలకొండ సేనలు పెనుగొండను ముట్టడించినపుడు దానిని కాపాడిన సేనాని యాతడు. విజయనగర ప్రభువు మెచ్చి యీ సీమ నాతనికి జాగీరుగా నిచ్చెను. కాని పండ్రెండు కోట లేవియన్నచో పట్టిక లొకదానితో నొకటి పొసగవు. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ యని మొదలిడి, తిరుపత్తూరు, వాణియంబాడిని గూడ కొందరు చేర్చుదురు. కొలువులో చేరిన పిదప మా కొక సంగతి తెలిసినది. పారశీక రెవెన్యూ భాషలో మహలనగా శిస్తు వసూలు చేయు విభాగము గూడను. ఏ దివానుగారి గుమాస్తాయో వ్రాసిన పండ్రెండు విభాగములు అవ్వ నోట పండ్రెండు మేడలై యుండవచ్చును. గుమాస్తా వ్రాత కంతటి భాగ్య మరుదుగా పట్టును.

1792లో శ్రీరంగపట్టణపు సంధిచేత టిప్పు సుల్తాను బారామహలును ఇంగ్లీషువారి కప్పగించెను. కనుమకు పైనున్న హోసూరు సీమ 1799లో ఆయన పతనానంతరమే వారి చేతికి వచ్చినది. అలెగ్జాండరు రీడు దొర కలెక్టరుగాను, రాయలసీమవా రెరిగిన మన్రో దొర ఆయన సహాయకుడుగాను ఇచటనే చేలు కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేసిరి. పిమ్మట మేము సేలము జిల్లాలో నుంటిమి. 1965లో ధర్మపురి, 2004లో కృష్ణగిరి జిల్లాలు ఏర్పడినవి. నేడు బారామహలను పేరు ఏ జిల్లాకును లేదు.

పోయిన వేసవిలో మా మనుమడు లావుపాటి ఇంగ్లీషు నవల యొకటి తెచ్చి, దానిలోని పటమును మాకు చూపినాడు. టోల్కీన్ అను ఆంగ్ల రచయిత 1954, 55లలో ప్రకటించిన గ్రంథమది. అందు షైరను పల్లెసీమ యొకటి కలదు. అది నాలుగు భాగములట. దానికి వంతెనలు, వంశవృక్షములు, ప్రత్యేకమైన శకము గూడ కలవు. అంతయు కల్పనమే. రచయిత నాలుగేండ్ల ప్రాయమున, 1896లో, బర్మింగుహాము చెంతనున్న సేర్‌హోలను పల్లెకు చేరి నాలుగేండ్లు అచట నుండెను. ఆ పల్లెను పిదప పట్టణము మ్రింగినది. షైరునకు మూల మా జ్ఞాపకమే యని చెప్పుదురు.

"తాతా, వాళ్ళ లేని ఊరికి పటముందే, మన ఉన్న ఊరికి ఏలలేదు?" అని మనుమ డడిగెను.

మా కది సూదివలె గ్రుచ్చుకొన్నది. ఏల యనగా, ఉండినది. మేము కొలువుచేసిన కార్యాలయమున పాత దస్త్రమొకటి యుండెడిది. అందు సర్వే నంబరు ప్రక్కన చేని పేరు గూడ ఎవరో వెనుకటి గుమాస్తా చక్కని తెలుగు చేవ్రాతతో వ్రాసియుండెను: నక్కలగుంట, రాగిమాని చేను, చాకిరేవు మడి, గొల్లదాని గట్టు. కాగితము చివికిపోవుటచే దానిని తిరిగి వ్రాయుపని మాకు వచ్చినది. నంబ రుండగా పే రెందుకని మేమే వానిని విడిచితిమి. విడువుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. సాయంకాలము బస్సు తప్పిపోవునను తొందరయే కారణము. పాత కాగితములు తరువాత చిత్తుక్రింద పోయినవి.

ఆ వేసవి అంతయు తాతయు మనుమడును గూర్చుండి పటము గీసితిమి. వాడు మాటాడునది తెలుగే. చదువునది, వ్రాయునది తమిళము. 2006 నాటి చట్టము తరువాత బడులలో తమిళము తప్పనిసరి యైనది. అది చక్కని భాషయే, మాకును అన్నము పెట్టినది. రెండవదానికి చోటు లేకపోవుటయే మా దుఃఖము. మేము పేరు చెప్పగా వాడు తమిళ లిపిలో వ్రాసుకొనెను. ఆ లిపిలో గకును కకును అక్షర మొకటే. గొల్లదాని గట్టును వాడు మరల చదివినపుడు 'కొల్లదాని కట్టు' అని పలికెను. ఇరువురమును నవ్వితిమి. మరునాటి నుండి పలక యొకటి కొని, ఒక్కొక్క చేని పేరుతో ఒక్కొక్క తెలుగక్షరము నేర్ప మొదలిడితిమి. గట్టుతో 'గ' వచ్చినది, నక్కలగుంటతో 'న'.

పటములో చెరువునకు తూర్పున ఒక చెలక యున్నది. మా తండ్రిగారు అందు అనపకాయలు వేసెడివారు. దాని నంబరు మాకు నేటికిని కంఠస్థమే. పేరు మాత్రము ఎంత తలపోసినను స్ఫురింపలేదు. ఊరిలో ముగ్గురు వృద్ధుల నడిగితిమి, వారును చెప్పలేకపోయిరి. నంబరే వ్రాయుదమని మే మంటిమి. మనుమడు ఒప్పుకొనక, ఆ చోటును ఖాళీగానే యుంచినాడు.