విశాఖ రేవులో ఒక పగలు

మా కుందుర్పి అనంతపురము జిల్లా పీఠభూమిమీది యూరు. కొండపైన పాతకోట, క్రింద వేరుసెనగ చేలు, మబ్బువంక జూచు కన్నులు. మా జిల్లాలో ఏడాదికి కుఱియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ప్రబంధములందలి అష్టాదశ వర్ణనములలో సముద్రవర్ణన మొకటి గదా! చిన్ననాట తండ్రిగారియొద్ద అట్టి పద్యములు వల్లించితినే గాని సముద్రమును కంట జూచి యెఱుగను.

2022వ సంవత్సరమున బడులు జూలైలో గాని తెఱువలేదు. అందుచే జూన్ నెలలో మావారికి తీరిక చిక్కెను. చెన్నపట్టణమున నుద్యోగము చేయు మా మఱిది, వదినెకు సముద్రము చూపవలెనని, అచటినుండి విశాఖపట్టణము పోయి వచ్చు విహారనౌకకు టిక్కెట్లు కొనెను. ఓడలోని విందులను, పాటకచ్చేరీలను గూర్చి చెప్పువారు వేఱే యున్నారు. నాకు మనసున నిలిచినది తీరమున దిగిన యొక్క పగలే.

ఓడ రేవును సమీపించునపుడు మొదట గానవచ్చినది సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన కొండ. డాల్ఫిన్ చేప ముక్కువలె నున్నదని దానిని డాల్ఫిన్స్ నోస్ అందురు. ఆ కొండ చాటుననే 1933లో రేవు తెఱచిరి. అలల యుఱవడి నాపుటకై రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నుపయోగించిరని మావారు చెప్పిరి. చెఱువుకట్ట తెగినపుడు మా యూరివారు ఇసుకమూటలు వేయుట నాకు జ్ఞప్తికి వచ్చినది. స్వతంత్ర భారతమున మొదట నీట దిగిన పెద్ద ఓడ 'జల ఉష' 1948లో ఈ యూరి నౌకా నిర్మాణశాలయందే పుట్టినది. మేము పోయిననాటికి విహారనౌకల యాత్రికులకు ప్రత్యేక భవనము లేదు. అది 2023 సెప్టెంబరులో ప్రారంభింపబడినది.

రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిపిన కుర్సురా జలాంతర్గామిని జూచితిమి. సోవియట్ దేశమున తయారై, 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో కొలువు చాలించినది. మఱుసటి యేటినుండి ప్రదర్శనశాలగా నున్నది. 91 మీటర్ల పొడవైన ఆ యినుపగొట్టములో పదులకొలది మనుష్యులు ఒకరి నొకరు ఒఱసికొనుచు దినములు గడపెడివారట. వంటగది మన దేవునిగూటికంటె కొంచెము పెద్దది! మంచినీరు మితము గనుక అందు స్నానము నిత్యకృత్యము కాదని చూపించువారు చెప్పిరి. చుట్టును మునిగినంత నీరు, లోపల చెంబెడు నీళ్లకు లెక్క. తక్కినవారు ఫిరంగిగొట్టములవంటి టార్పెడోలను జూచి యబ్బురపడుచుండగా నేను ఆ మాటయొద్దనే నిలిచిపోయితిని.

వెలుపల ఒక పెద్దమ్మ మరమరాలు కలిపి అమ్ముచుండెను. మేము బొరుగులనునవే అవి. నా మాటతీరు విని నవ్వి, "ఏ వూరమ్మా మీది?" అని యడిగినది. అనంతపురము వైపు అంటిని. "అక్కడ నీళ్లుండవంట గదా! మాకు మాత్రం ఏటమ్మా, ఎదురుగా ఇంత సముద్రముండీ బిందెడు మంచినీళ్లకి వీధికుళాయి కాడ లైను కట్టాల" అన్నది. నేను నమ్మలేదు. మావారు మాత్రము తల యూపిరి. విశాఖకు నీరు తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ జలాశయములనుండి వచ్చును. అవి చాలక ఏలేశ్వరముకడ ఏలేరు జలాశయమునుండి 150 కిలోమీటర్లకు మించిన కాలువలో నీరు తెచ్చుకొందురట. మా జిల్లాలోని పెక్కు పల్లెలకును 1990లలో సత్యసాయి పథకము వచ్చినపిదపనే దూరపు నీరు గొట్టములలో అందినది. సముద్రతీరపు ఆడుదియు, మెట్టసీమ ఆడుదియు ఒకే బిందె చంకనెత్తుదురని నేను తలచియుండలేదు.

ఆ పెద్దమ్మ మఱికొన్ని మరమరాలు ఊరకే పొట్లములో వేసి, "మళ్లీ రామ్మా" అన్నది. మావారు తొందరపెట్టుచున్నను నేను పాదములు తడియునంతవఱకు పోయి, దోసిట నీరెత్తి నాలుకకు తాకించుకొంటిని. ఎంత ఉప్పు!

చీకటిపడినపిదప ఓడ కదలినది. పెద్ద ఓడలలో సముద్రపు నీటినే మంచినీరుగా మార్చు యంత్రములుండునట. మా గదిలోని కుళాయి సరిగా కట్టుకొనక బొట్లు బొట్లుగా కారుచుండెను. నేను రెండుమార్లు లేచి బిగించితిని. మూడవమారు దానిక్రింద చెంబు పెట్టి పండుకొంటిని. మావారు నవ్విరి.