పరీక్ష పెట్టినవారికీ మార్కులుండాలి

పరీక్షలన్నా, ఫలితాలన్నా మన విద్యార్థిలోకానికి కొత్తేమీ కాదు. కాని 2020లో దేశం మొత్తం పరీక్షకు కూర్చుంది. కరోనా పరీక్షలో ఉన్నవి రెండే ఫలితాలు: పాజిటివ్, నెగెటివ్. మరి ఆ పరీక్ష పెట్టిన ప్రభుత్వాలకు మనం ఎన్ని మార్కులు వెయ్యాలి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడంలేదు.

సంఖ్యల వరకే చూస్తే ఆంధ్రప్రదేశ్‌కు మంచి మార్కులే పడాలి. వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాసుకున్నారు. 2020 జూలై మొదటివారానికే పరీక్షలు 10 లక్షలు దాటాయి. ఆ వేసవిలోనే తెలంగాణలో పరీక్షలు చాలడంలేదని అక్కడి హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది. అయితే ఎన్ని చేశారన్నది సగం లెక్కే. నూటికి ఎన్ని పాజిటివ్ వచ్చాయన్నది మిగతా సగం. అది రెండు వారాలపాటు 5 శాతంలోపు ఉన్నాకే ఆంక్షలు సడలించడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. అంతకు మించిందంటే, కంటబడని రోగులు ఇంకా ఎందరో ఉన్నారన్నమాట.

ఈ రెండింటికీ అందని మూడో లెక్క ఒకటుంది. దాన్ని నాకు నేర్పినవాడు మా వీధిలో అద్దె ఆటో నడిపే ఒకాయన. ఒళ్లు కాలిపోతున్నా పరీక్షకు వెళ్లనన్నాడు. "ఉచితమే కదా బాబాయ్!" అన్నాను.

"పరీక్ష ఉచితమే బాబూ. పాజిటివ్ అంటే పద్నాలుగు రోజులు ఇంట్లో కూచోవాలి. అది ఉచితం కాదుగా! బియ్యం ఇచ్చారు, కాదన్ను. ఇంటద్దెకీ, కూరకీ, పిల్లదాని పాలకీ ఎవరిస్తారు?"

సాయం లేకపోలేదు. కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అదనంగా ఇచ్చింది. జన్‌ధన్ ఖాతాలున్న ఆడవారికి మూడు నెలలు 500 రూపాయల చొప్పున వేసింది. కార్డున్న పేద కుటుంబానికి ఆంధ్రలో 1,000 రూపాయలు. తెలంగాణలో 1,500, మనిషికి 12 కిలోల బియ్యం. సొంత ఆటోవాళ్లకు ఆంధ్రలో 2020 జూన్‌లో 10,000 పడ్డాయి. అద్దె ఆటో గనుక మా బాబాయికి అదీ లేదు. ఇవన్నీ మంచివే. కాని జబ్బుపడి పని మానుకున్న రోజులకంటూ ఇచ్చినవి కావు. క్వారంటైన్ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2,000 ఇవ్వాలని ఆంధ్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో తలపెట్టింది. పరీక్షనూ బతుకునూ ముడివేసిన ఆలోచన అది. ఇంట్లోనే ఉండి తగ్గించుకొమ్మన్న కూలివాడికీ అటువంటిదే అందవలసింది.

అందుకే నేను పరీక్షల సంఖ్యకు సగం మార్కులే వేస్తాను. తక్కిన సగం, పాజిటివ్ వచ్చిన ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నదానికి. తిండికి భయపడి జ్వరం దాచుకునేవాడు ఏ లెక్కలోకీ రాడు; జబ్బు మాత్రం అతని ఆటో ఎక్కి ఊరంతా తిరుగుతుంది.

రేపు మనలో కొందరు డాక్టర్లవుతారు, కొందరు ఆఫీసర్లవుతారు. మళ్లీ ఏ మహమ్మారి వచ్చినా, పాజిటివ్ అన్న చీటీతోపాటే పద్నాలుగు రోజుల కూలి కూడా ఆ మనిషి చేతిలో పెట్టించండి. పరీక్షకు రమ్మని ఎవరినీ బతిమాలనక్కరలేదు.